మోరధ్వజుని సీమలో సత్యవంతుడగు చోరుడు

రాయపూరునకు తూర్పున మహానది చెంతనున్న ఆరంగ్ పట్టణము మోరధ్వజుని రాజధాని యని స్థలైతిహ్యము. ఆడినమాటకై ఱంపపుకోతకు వెనుదీయని ఆ రాజే మన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమునందలి మయూరధ్వజుడు.

మాటకై ప్రాణము విడిచిన ఒక దొంగ కథను ఆ సీమ నటులే 1975లో సంగీతనాటకముగా ప్రదర్శించిరి. అదియే ‘చరణ్‌దాస్ చోర్’. కథ రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథాది. ప్రయోక్త 1923లో రాయపూరున జన్మించిన హబీబ్ తన్వీర్.

లండనులో నాట్యవిద్య నభ్యసించి వచ్చిన తన్వీర్ 1958లో ఆరుగురు ఛత్తీస్‌గఢీ జానపదనటులను ఢిల్లీకి రప్పించి మృచ్ఛకటికమును హిందీలో ఆడించెను. 1959లో మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించెను. కాని పరభాషలో ఆ నటుల సహజప్రతిభ ముడుచుకొనిపోయెను. 1970వ దశకమున వారిని స్వంత పలుకుబడిలో పలుకనిచ్చిన పిమ్మటనే ఆట పండెను. గోవిందరామ్ నిర్మల్కర్, ఫిదాబాయి మున్నగువారు చదువులవలన గాక, పల్లెల నాచా ప్రదర్శనలవలన రాటుదేలినవారు. సత్‌నామీల పంథీ గీతనృత్యములు నాటకమునకు జీవము పోసినవి. హైదరాబాదు ప్రాంతమున జన్మించిన శ్యామ్ బెనెగల్ ఈ కథనే 1975లో బాలల చలనచిత్రముగా తీసెను. 1982లో నాటకము ఎడింబరో ఉత్సవమున బహుమతి నందెను.

1885లో కడప సీమను మొలకెత్తిన మన సురభి నాటకసమాజము తెలుగు పద్యమును విడువక నిలిచిన తీరును ఇట్టిదే. ఉద్యోగార్థము దూరదేశముల నివసించు మనము వార్షికోత్సవమునకు పిల్లలచే ఏ భాషలో నాటకమాడింపవలెనని తలపోయునప్పుడు, ఆ పల్లెనటుల చరిత్రయే తగిన సమాధానము.