చైనా వైద్యములో పంచగమనములు

తెలుగువారికి "పంచ" అను మాట వినబడగానే పంచభూతములు జ్ఞప్తికి వచ్చును. పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము - ఈ అయిదింటి కలయికచే శరీరము ఏర్పడినదని మన పెద్దలు చెప్పిరి. చైనా సూదివైద్యము, అనగా ఆక్యుపంక్చరు, నేర్వబోవు మనవారికి మొదటి పాఠములోనే మరొక అయిదు ఎదురగును. అవి వృక్షము, అగ్ని, భూమి, లోహము, జలము. పేర్లు కొన్ని కలియుటచే రెండును ఒకటేయని చాలమంది తలచుచున్నారు. అది సరికాదు. చైనావారి అయిదింటిలో వాయువు లేదు, ఆకాశము లేదు. మన అయిదింటిలో చెట్టు లేదు, లోహము లేదు. అంతకంటె ముఖ్యమైన భేదము మరొకటి కలదు.

చైనా భాషలో వీనిని "వూ సింగ్" అందురు. "వూ" అనగా అయిదు. "సింగ్" అనగా నడక. కనుక ఇవి వస్తువులు కావు, పంచగమనములు. మొలక భూమిని చీల్చుకొని పైకి వచ్చుట వృక్షగమనము. మంట ఎగయుట అగ్నిగమనము. విత్తును స్వీకరించి పంట నిచ్చుట భూగమనము. కరగి క్రొత్త రూపము దాల్చుట లోహగమనము. తడుపుచు పల్లమునకు దిగుట జలగమనము. శరీరము దేనితో చేయబడినదని మన శాస్త్రము ప్రశ్నించినది. శరీరములో ఏది ఎటు నడచుచున్నదని వారి శాస్త్రము ప్రశ్నించినది. ఈ ఒక్క సంగతి పట్టుబడినచో తక్కినది నేర్చుట సులభము.

ఈ సిద్ధాంతము మొదట వైద్యులది కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దమున జో యెన్ అను పండితుడు రాజవంశముల ఉత్థాన పతనములను ఈ గమనముల క్రమముతో వివరించెను. రాజ్యములకు చెప్పినది తరువాత శరీరమునకు వచ్చినది. 1973లో చాంగ్షా నగరమువద్ద మవాంగ్‌దువీ అనుచోట, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధినుండి పట్టుపై వ్రాసిన వైద్యగ్రంథములు బయటపడినవి. అందు శరీరములోని నాడీమార్గములు పదునొకండు మాత్రమే. చికిత్స సూదితో కాదు, ఆకును కాల్చి వేడి తగిలించుటతో. ఆ ఆకు మనము వినాయకచవితినాడు మొట్టమొదట పూజచేయు మాచిపత్రి జాతికి చెందినది. నేటికిని సూదివైద్యులు దీనిని వాడుచున్నారు.

మార్గములు పండ్రెండగుట, సూదులు ప్రధానమగుట, పంచగమనములు వైద్యములో స్థిరపడుట "హ్వాంగ్‌దీ నేయ్‌జింగ్" అను గ్రంథములో కనబడును. ఇది క్రీస్తునకు పూర్వపు చివరి రెండు శతాబ్దములలో కూర్పబడినదని పండితుల అభిప్రాయము. మన పురాణములవలెనే ఇదియు సంవాదరూపమున ఉన్నది. పీతచక్రవర్తి ప్రశ్నించును, చీబో అను మంత్రి సమాధానము చెప్పును.

ఇక అమరిక చూడుడు. వృక్షమునకు కాలేయము, పిత్తాశయము. అగ్నికి గుండె, చిన్నప్రేవు. భూమికి ప్లీహము, జీర్ణాశయము. లోహమునకు ఊపిరితిత్తులు, పెద్దప్రేవు. జలమునకు మూత్రపిండములు, మూత్రాశయము. ఒక్కొక్కదానికి ఒక ఋతువు, ఒక భావము, ఒక రుచి కలవు. కోపము కాలేయమునకు, సంతోషము గుండెకు, చింత ప్లీహమునకు, దుఃఖము ఊపిరితిత్తులకు, భయము మూత్రపిండములకు చెందినవి. రుచులలో పులుపు, చేదు, తీపి, కారము, ఉప్పు అను వరుస. ఉగాది పచ్చడి కలుపు గృహిణి వెంటనే అడుగును: ఆరవదైన వగరు ఏమైనది? వారు వగరును పులుపునకు అనుబంధముగా చెప్పుదురు.

ఈ అయిదింటికి రెండు సంబంధములు. మొదటిది పోషణ. చెట్టు అగ్నిని పుట్టించును; అగ్ని బూడిదయై భూమిని, భూమి లోహమును, లోహము జలమును, జలము చెట్టును పుట్టించును. రెండవది అదుపు. చెట్టు వేరు భూమిని చీల్చును. భూమి గట్టయై నీటిని ఆపును. నీరు నిప్పును ఆర్పును. నిప్పు లోహమును కరగించును. లోహము చెట్టును నరకును. పోషణ మాత్రమే ఉండి అదుపు లేని సంసారము ఎట్లుండునో మనకు తెలిసినదే. శరీరమును అంతేయని వారి భావము.

క్రీ.శ. 1, 2 శతాబ్దముల నాటి "నాన్ జింగ్" దీనినుండి ఒక చికిత్సాసూత్రమును తీసినది. ఒక అవయవము బలహీనమైనచో దాని తల్లిని పోషింపవలెను. మితిమీరినచో దాని బిడ్డనుండి తగ్గింపవలెను. ఊపిరితిత్తులు నీరసించినచో వాని తల్లియగు ప్లీహమును చూడవలెనన్నమాట. పంచగమన సూదివైద్యమునకు నేటికిని ఇదియే ఆయువుపట్టు.

సూది ఎచ్చట గ్రుచ్చవలెను? 3వ శతాబ్దమున హ్వాంగ్‌ఫూ మీ అను విద్వాంసుడు 349 స్థానములను వివరించెను. నేడు అంతర్జాతీయముగా 361 లెక్కింపబడుచున్నవి. కొలత రోగి బొటనవ్రేలి వెడల్పే. మన ఆయుర్వేదమును రోగి అంగుళముతోనే కొలుచును. 1027లో వాంగ్ వెయ్‌యీ అను రాజవైద్యుడు రెండు కంచు విగ్రహములు పోయించి స్థానములవద్ద రంధ్రములు పెట్టించెను. విగ్రహమునకు మైనము పూసి లోపల నీరు నింపి విద్యార్థిని పరీక్షించెడివారని ప్రతీతి. సూది సరిగా దిగినచో నీరు కారును, లేనిచో తప్పెను!

అయితే చైనా వైద్యమంతయు ఈ అయిదింటిమీదనే నిలిచినదనుకొనరాదు. క్రీ.శ. 200 ప్రాంతమున జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు, రెండువందలకు పైబడిన తన బంధువర్గములో పదేండ్లలోపల మూడింట రెండువంతులమంది మరణింపగా, అందు అధికులు జ్వరములవలననే పోయిరని వ్రాసి, ఆ దుఃఖమునుండి "షాంగ్‌హాన్ లున్" రచించెను. అందు జ్వరము నడచు ఆరు దశలు, వానికి తగిన కషాయములు ప్రధానము. పంచగమనముల ప్రసక్తి స్వల్పము.

తరువాతి చరిత్రయు నిరాఘాటముగా సాగలేదు. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి, సూదులును నిప్పును రాజశరీరమునకు తగవని, రాజవైద్యశాలలో ఆ విభాగమును మూయించెను. 1929లో పాశ్చాత్యవైద్యము నేర్చిన కొందరు స్వదేశవైద్యమునే తొలగింపవలెనని ప్రభుత్వమునకు ప్రతిపాదింపగా, మార్చి 17న షాంఘైలో వైద్యులు సమావేశమై ఎదిరించిరి. ఆ ప్రతిపాదన సాగలేదు. 1956లో పెకింగు, షాంఘై, కాంటను, చెంగ్డూ నగరములలో ప్రభుత్వము చైనా వైద్య కళాశాలలు స్థాపించెను. వానికై వ్రాసిన పాఠ్యగ్రంథములలో రోగలక్షణముల కూటమిని గుర్తించుట ముందునకు వచ్చినది; పంచగమనములు వెనుకకు జరిగినవి.

అదే కాలమున ఇంగ్లండులో జె.ఆర్. వర్స్‌లీ (1923-2003) అను ఆయన దీనికి విపరీతమైన మార్గమున పంచగమనములనే ముఖ్యముగా చేసికొనెను. ప్రతి మనిషికిని ఈ అయిదింటిలో ఒకటి మూలదోషముగా ఉండునని, ముఖవర్ణము, కంఠధ్వని, శరీరగంధము, భావము అను నాలుగింటిచే దానిని కనిపెట్టవలెనని బోధించెను. కనుక "సంప్రదాయ చైనా వైద్యము" అనునది, "పంచగమన సూదివైద్యము" అనునది ఒకే తల్లి బిడ్డలైనను రెండు వేరు బడులు. మొదటిది రోగమేదని అడుగును. రెండవది రోగి ఎవరని అడుగును. నేర్చువారు తాము ఏ బడిలో కూర్చుంటిమో మొదట తెలిసికొనవలెను. రెండింటికి మూలద్రవ్యములు ప్రాచీనమైనను, నేడు మనకు లభించు పాఠము కూర్పబడి నూరేండ్లు కాలేదు.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన దారి మహారాష్ట్రలోని తెలుగువారికి దగ్గరిది. మన పద్మశాలీలు మగ్గములు నాటుకొని తరతరములుగా నివసించుచున్న షోలాపురములోనే 1910లో డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ జన్మించెను. 1938లో కాంగ్రెసు చైనాకు పంపిన అయిదుగురు వైద్యులలో ఆయన యొకడు. యుద్ధభూమిలో శస్త్రవైద్యుడుగా సేవచేసి 1942 డిసెంబరు 9న అచ్చటనే కన్నుమూసెను. ఆ బృందములోని మరియొకరు, కలకత్తా వైద్యులు బిజయ్ కుమార్ బసు, 1950ల చివర మరల చైనాకు పోయి సూదివైద్యము నేర్చి వచ్చి కలకత్తాలో ప్రారంభించిరి. 1996లో పశ్చిమ బెంగాలు దీనికి ప్రత్యేక శాసనము చేసినది.

ఇంత చెప్పిన తరువాత, ఇది పనిచేయునా అని పాఠకులు అడుగుట న్యాయము. 29 పరీక్షలలోని దాదాపు 18,000 మంది దీర్ఘకాల నొప్పుల రోగుల వివరములను కలిపి చూచిన పరిశీలన 2012లో వెలువడినది. సూదివైద్యము చేయించుకొననివారికంటె చేయించుకొనినవారికి ఉపశమనము ఎక్కువ. కాని ఉత్తుత్తి సూదులకును నిజమైన సూదులకును భేదము స్వల్పమే. మణికట్టు ముడుతకు మూడు వ్రేళ్లు పైన, ముంజేతి లోపలివైపున రెండు నరముల నడుమనున్న "నేయ్‌గ్వాన్" స్థానము శస్త్రచికిత్స తరువాతి వాంతులను కొంత తగ్గించునని తేలినది. నాడీమార్గములు శరీరమును కోసి చూచినవారికి కనబడలేదు. కావున క్షయకు, మధుమేహమునకు, గుండెనొప్పికి మందులు మాని సూదులను నమ్ముట ప్రాణాపాయము. సూది ఒకరికి ఒకసారి మాత్రమే వాడవలెను. ఛాతీపై లోతుగా గ్రుచ్చినచో ఊపిరితిత్తికి రంధ్రము పడవచ్చును.

పాతవిద్యను గౌరవించు పద్ధతిని చైనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ చూపినది. 4వ శతాబ్దపు గే హోంగ్ గ్రంథములో, మాచిపత్రి జాతిదే యగు మరొక మొక్కను కాచక, నీట నానబెట్టి పిండి త్రాగవలెనని ఉన్నది. వేడియే గుణమును చెరచుచున్నదేమోయని ఊహించి, ఆమె 1971లో తక్కువ వేడితో సారము తీసెను. దానినుండి మలేరియాకు ఆర్టెమిసినిను అను మందు వచ్చినది. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించినది. ఆమె గ్రంథమును పారవేయలేదు. పరీక్షింపక నమ్మనూ లేదు.

ఊరు మారిన మనకు తెలియనిది కాదు: ఇల్లు మారినప్పుడు కొన్ని సామానులు తెత్తుము, కొన్ని విడుతుము, కొన్ని క్రొత్తచోట చేయించుకొందుము, అయినను ఇల్లు మనదే. చైనా వైద్యమును అట్లే రెండువేల యేండ్లు నడచివచ్చినది. ఏది పాతదో, ఏది నిన్నటిదో, ఏది నిలిచినదో ఎరిగి నేర్చుకొనువారికి అది మేలు చేయును. క్రొత్త సంవత్సరమున మన సోదర కుటుంబములన్నియు ఆరోగ్యముతో వర్ధిల్లుగాక.