మెడ లేని రెండు కళ్లు

2023 ఆగస్టు 27. చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు ఇంకా పగలే. అక్కడి పగలంటే మన లెక్కలో దాదాపు పద్నాలుగు రోజులు. సూర్యుడు నడినెత్తికి రాడు, నేలకు కాస్త పైనే పాకుతుంటాడు. అందుకే అక్కడ గులకరాయికి కూడా పొడుగాటి నీడ. ఇస్రో పంపిన ప్రజ్ఞాన్ రోవర్ ముందు భాగంలో పక్కపక్కనే బిగించిన రెండు కెమెరాలు ఆ నీడల నేలను చూసి భూమికి బొమ్మలు పంపాయి. నలుపు తెలుపు బొమ్మలు. దుమ్ము, రాళ్లు, మళ్లీ దుమ్ము. ఆ తర్వాత, 3 మీటర్ల అవతల నేల ఉన్నట్టుండి లోపలికి దిగిపోయింది. అడ్డకొలత 4 మీటర్లున్న గొయ్యి!

ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు. ఇక్కడైతే ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని అవతల పెట్టేస్తారు. అక్కడ ఎత్తే దిక్కు లేదు. ఒక పక్క చక్రాలు గోతిలోకి జారి బండి ఒరిగితే సౌరఫలకం ఎండకు ఎదురుగా ఉండదు. ఎండ లేకపోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే కబురూ లేదు. వచ్చిన దారినే వెనక్కి రమ్మని భూమి నుంచి ఆదేశం వెళ్లింది. సెకనుకు ఒక సెంటీమీటరు నడిచే బండి తన చక్రాల జాడ వెంటే వెనుదిరిగింది.

వెనక్కైతే వచ్చింది. ఇక ఎటు పోవాలి? అటూ ఇటూ తల తిప్పి చూద్దామంటే దానికి మెడ లేదు.

ఈ బండి భూమిని వదిలింది మన నెల్లూరు తీరం నుంచే. జూలై 14, మధ్యాహ్నం 2.35. శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద తిరుపతి జిల్లా. మాటల్లో మాత్రం చాలామందికి ఇంకా నెల్లూరే. ప్రయోగం ఉన్న రోజు సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సును కోసుకుంటూ దీవికి వెళ్లే రోడ్డు వైపు కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లకు కొదవుండదు. రాకెట్టు పైకి వెళ్లిపోయాక కూడా కొందరు సర్దుకోరు. నీళ్లు, ఆకాశంలో వంకర తిరిగిన పొగ, ఒడ్డున పడవలు, గట్టు నిండా జనం... మొత్తాన్నీ ఒకే పొడుగాటి బొమ్మలో పట్టాలని వాళ్ల ఆశ. ఒక్క ఫ్రేములో అదంతా ఇమడదు. కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ ఏడెనిమిది ఫొటోలు తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్లో అతకాలి. అక్కడ పుడుతుంది ప్రశ్న: “అన్నా, పనోరమాకి ఏ హెడ్ కొనమంటావు? బాల్ హెడ్ చాలదా?”

చాలదనను. నీ ముందు ఏముందో చెప్పు, అంటాను.

మామూలు ట్రైపాడ్ హెడ్ మీద తిప్పితే కెమెరా తన అడుగున ఉన్న స్క్రూ చుట్టూ తిరుగుతుంది. లెన్సులోకి వెలుగు దారి చేసుకునే చోటు ఆ స్క్రూకు ఓ 10 సెంటీమీటర్లు ముందు ఉందనుకుందాం. 30 డిగ్రీలు తిప్పేసరికి ఆ చోటు 5 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అర కిలోమీటరు అవతల నిలబడ్డ ఫ్లెమింగోల గుంపుకు ఆ జరుగుడు లెక్కలోకే రాదు. అదే మీటరున్నర దూరంలో పడవ కట్టేసే గుంజ ఉంటే, వెనకున్న దృశ్యం మీద అది దాదాపు 2 డిగ్రీలు జరిగిపోతుంది. 50 ఎంఎం లెన్సు పెట్టిన 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అది సుమారు 300 పిక్సెళ్లు. అతికే సాఫ్ట్‌వేర్ పాపం ఏం చేస్తుంది? ఉన్న ఒక్క గుంజను రెండు చేస్తుంది, లేదంటే నడుముకు విరిచి పెడుతుంది. చూసేచోటు మారితే దగ్గరిదీ దూరానిదీ ఒకదాని మీద ఒకటి జరగడాన్నే పారలాక్స్ అంటారు. పనోరమా తీసేవాడికి అదే పగ. వందలు పోసినా వేలు పోసినా పనోరమా హెడ్ అమ్మేది దానికి విరుగుడే.

ప్రజ్ఞాన్‌కు మాత్రం ఆ పగే ప్రాణం. దాని ముందున్న రెండు కెమెరాలూ ఒకే రాయిని కాస్త ఎడంగా రెండు చోట్ల నుంచి చూస్తాయి. ఎడమ బొమ్మలో రాయి ఎక్కడుంది, కుడి బొమ్మలో ఎక్కడుంది అన్న తేడాను బట్టి దాని దూరం, నేల ఎత్తుపల్లాలు లెక్క కడతారు. ఆ లెక్క నమ్మకంగా కుదిరేది 5 మీటర్ల దాకానే. కాబట్టి ఒక విడతకు నడక కూడా 5 మీటర్లు మించదు. బొమ్మ రావడం, నేల పటం గీయడం, దారి ఎంచడం, ఆదేశం పంపడం, బండి కదలడం... ఒక్కో విడతకు సగటున 5 గంటలు పట్టింది.

కెమెరాలకు తిరిగే స్తంభం ఒకటి పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. అంగారకుడి మీది క్యూరియాసిటీకి అలాంటిదే ఉంది, చుట్టూ చూస్తుంది. కానీ క్యూరియాసిటీ 899 కిలోల బండి. 26 కిలోల దానికి మెడ అంటే మోటార్లు, వైర్లు, దుమ్ములో బిగుసుకుపోగల మరో కీలు. కళ్లను కదలకుండా బిగించేయడమే తెలివైన బేరమని నా లెక్క.

చంద్రుడి నేల మీద తీసిన తొలి పనోరమా కథ ఇంకా విచిత్రం. 1966 ఫిబ్రవరి 3న దిగిన సోవియట్ లూనా 9 కెమెరాలో ఒక చిన్న అద్దం తిరుగుతూ దృశ్యాన్ని గీతలు గీతలుగా పట్టేది. ఒక చుట్టుకు గంటన్నరకు పైగా. ఆ సంకేతాలను ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు వాళ్లు గాల్లోంచి పట్టుకుని, డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక దగ్గర ఫ్యాక్స్ యంత్రం అరువు తెచ్చుకుని బొమ్మగా మార్చారు. మాస్కో విడుదల చేసే లోపే ఆ బొమ్మ లండన్ పేపర్లో అచ్చయింది. అసలు ముచ్చట వేరే ఉంది. ఒక పనోరమాకూ మరో పనోరమాకూ మధ్య ఆ నౌక కాస్త ఒరిగింది. మన గట్టు మీద అయితే ట్రైపాడ్ కాలు ఇసుకలో దిగబడిందని తిట్టుకుంటాం. శాస్త్రవేత్తలు మాత్రం రెండు చోట్ల నుంచి తీసిన జంట బొమ్మ అయాచితంగా దొరికిందని దాంతో దూరాలు కొలిచారు.

ఇటు ప్రజ్ఞాన్ కొత్త దారి పట్టింది. ఆగస్టు 30 ఉదయం తనను మోసుకొచ్చిన విక్రమ్ ల్యాండర్‌ను ఫొటో తీసి పంపింది. ఆ మర్నాడు ఇస్రో ఓ వీడియో విడుదల చేసింది. అందులో రోవర్ నిలుచున్న చోటే మెల్లగా తిరుగుతోంది. క్షేమమైన దారి కోసం అలా తిప్పామని ఇస్రో చెప్పింది. చందమామ పెరట్లో బిడ్డ ఆడుకుంటుంటే తల్లి మురిపెంగా చూస్తున్నట్టు లేదూ, అని ఓ మాట కూడా చేర్చింది. తల్లి అంటే విక్రమ్, వీడియో తీసింది దాని కెమెరాయే. ముచ్చటైన మాటే గానీ, బిడ్డ ఆడుకోవడం లేదు, అవస్థ పడుతోంది. మెడ లేదు కాబట్టి ఆరు చక్రాల ఒళ్లంతా తిప్పుకుంటోంది. ఆ కాసేపు బండి మొత్తం ఒక ట్రైపాడ్ హెడ్. లెన్సు ఒక చోట, తిరిగే ఇరుసు ఇంకో చోట! పనోరమా వాళ్లు వద్దనే పద్ధతి సరిగ్గా ఇదే. దారి వెతికేవాడికి అతుకులతో పనిలేదు కాబట్టి సరిపోయింది.

సెప్టెంబరు 2 నాటికి ప్రజ్ఞాన్ 100 మీటర్లు దాటింది. అదే రోజు దాన్ని నిద్రపుచ్చారు. తర్వాత లేవలేదు. సెప్టెంబరు 5న దాని జంట కళ్ల బొమ్మలను ఇస్రో ఒకటిగా కలిపి చూపించింది. ఎడమ కంటిది ఎరుపులో, కుడి కంటిది నీలం ఆకుపచ్చల్లో. మామూలు కంటికి అంచులు చెదిరిన అచ్చుతప్పులా ఉంటుంది. ఎరుపు నీలి అద్దాలు పెట్టుకుంటే మాత్రం విక్రమ్ నేల మీంచి లేచి నిలబడుతుంది.

మళ్లీ మన గట్టుకొస్తే, ముందర ఏమీ లేని దృశ్యమైతే ఉన్న బాల్ హెడ్డే చాలు. కొనేటప్పుడు తిప్పే పళ్లెం బంతికి పైన ఉన్నదాన్ని ఎంచుకోండి. పళ్లెం కిందే ఉంటే, కాళ్లు ఇసుకలో ఏ కాస్త ఒరిగినా కెమెరా వాలుగా తిరుగుతుంది, దిగంతం అలలా వంగుతుంది. పైన ఉంటే బంతితో మట్టం సరిచేసి, పళ్లెంతో తిప్పొచ్చు. పడవో గుంజో ముందుంటే కెమెరాను వెనక్కి జరిపే పొడుగు ప్లేటు, అదే నోడల్ స్లయిడ్, తప్పదు. పైనొకటి కిందొకటి రెండు వరుసలు తీస్తానంటే నిలువు చేయి ఉన్న పెద్ద హెడ్ కావాలి. ఆ బరువుతో పులికాట్ బురదలో నడిచే ఓపిక ఉంటే కొనండి.

స్లయిడ్ కొన్నాక గుంజను, దాని వెనక దూరంగా ఉన్న ఏ టవర్‌నో ఒక వరుసలో పెట్టి, కెమెరాను ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. గుంజ జరుగుతున్నంతసేపూ కెమెరాను వెనక్కో ముందుకో జరపండి. జరగడం మానేసిన చోట ప్లేటు మీద పెన్నుతో గీత పెట్టుకోండి. లెన్సు మారిస్తే గీత మారుతుంది, జూమ్ తిప్పినా సాధారణంగా మారుతుంది.