కవిలె, కైఫియత్తు, కంప్యూటరు

తాళపత్ర గ్రంథం పాతబడితే మన పూర్వులు కొత్త ఆకుల మీద దాన్ని ఎత్తి రాయించేవాళ్లు. ఎత్తిరాత పూర్తయితే పాత కట్ట పని తీరినట్టే, ఏ పుణ్యనదిలోనో కలిపేసేవాళ్లు. మన ఎండకీ ముసురుకీ పురుగుకీ ఆకు కొన్ని వందల ఏళ్లకు మించి నిలవడం కష్టం. నన్నయ కాలపు ఆకు మనకు దక్కలేదు, తిక్కన కాలపు ఆకూ దక్కలేదు. అయినా భారతం దక్కింది. లేఖకుడు గ్రంథం చివర దండం పెట్టుకునేవాడు: చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నన్ననకండి, దీన్ని నీళ్ల నుంచీ నూనె నుంచీ వదులు కట్టు నుంచీ కాపాడండి అని.

కావ్యానికి ఈ పద్ధతి సరిపోయింది. పద్యానికి ఛందస్సు కాపలా ఉంటుంది. అక్షరం జారితే గణమో యతో ప్రాసో పట్టిస్తుంది. ఊరి లెక్కకు ఆ కాపలా లేదు. నాలుగెకరాలు నలభై అయినా వాక్యం చక్కగానే నడుస్తుంది. ఇన్నేళ్లు పాత దస్త్రాల మధ్య మసలిన నాకు అర్థమైందల్లా ఇదే: కావ్యాన్ని కాపాడిన అలవాటునే మనం దస్త్రానికీ పట్టించాం. నకలు తయారైందంటే అసలు బరువైపోతుంది. ఇప్పుడు ఏ కార్యాలయానికి వెళ్లినా వినిపించే మాట అదే. "స్కాన్ అయిపోయింది కదండీ, ఇంకెందుకవి?"

నేను పుట్టింది కరణాల ఇంట్లో, కడప జిల్లాలో. కాబట్టి కైఫియత్తుల దగ్గరే మొదలుపెడతాను. 19వ శతాబ్దం తొలి రెండు దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఆ ఊరి చరిత్ర రాయించుకున్నారు, అవే కైఫియత్తులు. కావలి వెంకట బొర్రయ్య ఆ పనికి ప్రాణం పోశాడు. 1803లో ఆయన చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. ఊరు ఎవరు కట్టించారు, గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, చెరువు ఎప్పుడు తెగింది, ఏ పాళెగాడు ఎవరితో కొట్లాడాడు, అన్నీ ఉంటాయి అందులో. మెకంజీ 1821లో కలకత్తా దగ్గర కన్నుమూశాడు. ఆయన సేకరణకు హెచ్.హెచ్. విల్సన్ 1828లో వేసిన పట్టికలో ఇలాంటి స్థానిక రచనలే 2,070 లెక్కకొచ్చాయి.

ఇవన్నీ ఎక్కడినుంచి రాసుకున్నారు? శాసనాలు చూశారు, పెద్దల నోటి మాట విన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా కరణాల దగ్గరున్న దండకవిలెలు చూశారు. తరతరాలుగా ఊరి సంగతులు ఎక్కించుకుంటూ వచ్చిన దస్త్రం దండకవిలె. కొన్ని తాటాకు మీద ఉండేవి, కొన్ని కడితం మీద. బట్టకు చింతగింజల అంబలీ బొగ్గుపొడీ పట్టించి, నల్లగా ఆరాక మడతలు పెట్టి, దాని మీద బలపంతో రాసేవాళ్లు. అదీ కడితం. బలపపు రాత చేయి తగిలితే చెదురుతుంది. మెకంజీ గుమాస్తాలు అందులో తమకు కావలసింది కాగితం మీదికి ఎత్తుకున్నారు. కవిలె కరణం ఇంట్లోనే ఉండిపోయింది. ఆ కవిలెల్లో చాలావాటి జాడ ఈరోజు లేదు. గుమాస్తాకు అక్కర్లేదనిపించిన సంగతి ఏదైనా ఉంటే అది కవిలెతోనే పోయింది.

కాగితం కైఫియత్తులకూ తర్వాత అదే గతి పట్టబోయింది. కలకత్తా నుంచి మద్రాసుకు తిరిగొచ్చేసరికి కొన్నిటికి పురుగు పట్టింది, కొన్నిటి సిరా వెలిసింది. 1830ల చివర విలియం టేలర్ కొన్నిటిని తిరిగి రాయించాడు. తర్వాత సి.పి. బ్రౌన్ తెలుగు కైఫియత్తులకు శుభ్రమైన ప్రతులు ఎత్తించాడు. ఆ పుణ్యం చిన్నది కాదు. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయం మా జిల్లా కైఫియత్తులను అచ్చువేయగలిగిందంటే దాని వెనక ఈ ఎత్తిరాతలన్నీ ఉన్నాయి.

నకలుకు రుణపడ్డ చోటు ఇంకొకటుంది, అమరావతి. మెకంజీ అక్కడి బౌద్ధ స్తూపాన్ని 18వ శతాబ్దం చివర ఒకసారి చూసి, 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని మళ్లీ వచ్చాడు. ఈలోగా రాళ్లు కట్టడాలకు తరలాయి, సున్నపు బట్టీల్లో పడ్డాయి. ఆయన గీయించిన శిల్పాల్లో కొన్ని ఇప్పుడు ఆ బొమ్మల్లో తప్ప ఎక్కడా లేవు. ఆ బొమ్మలు చూసినప్పుడల్లా నాకు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువ కలుగుతుంది.

మా జేజినాయన కాగితం ఒకటి చెబుతాను. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు ఆయన సర్కారు లెక్కలన్నీ అప్పజెప్పి, సొంతంగా రాసుకున్న చిత్తులు మాత్రం ఉంచుకున్నాడు. అందులో ఒక పాత చిత్తుకు గీతలు లేవు. కాగితాన్ని నిలువునా మడిచి ఆ మడతలనే గళ్లుగా వాడుకున్నారు. ఒక సర్వే నంబరు ఎదురుగా విస్తీర్ణం ఉంది. నలుపు తెలుపు స్కానులో ఆ అంకె మిగతా అంకెల్లాగే నల్లగా, నికరంగా కనబడుతుంది. కాగితాన్నే తీసుకొని కిటికీ దగ్గర వాలుగా పట్టుకోండి. అంకె కింద నూగు లేచి ఉంటుంది, ఎవరో బ్లేడుతో గీకారు. గీకిన చోట సిరా పీల్చుకొని అంచులు పాకాయి. చుట్టూ ఉన్న వరుసలన్నీ గోధుమరంగుకు తిరిగాయి, ఇనుప సిరా పాతబడితే అంతే. ఈ ఒక్క అంకె మాత్రం నీలంగానే ఉంది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో కాగితం చెప్పదు. మార్చారని మాత్రం చెబుతుంది. అది తెలిస్తేనే తర్వాతి ప్రశ్న పుడుతుంది.

స్కానులంటే నాకు గిట్టదనుకోవద్దు, నా చదువు చాలావరకు వాటి మీదే సాగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని సంకల్పిస్తే, ఆ పనిలోంచే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. వేల తెలుగు పుస్తకాలు ఇంటికొచ్చాయి. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ ఆ స్కానుల్లో మధ్య పుటలు ఎగిరిపోయినవి ఉన్నాయి, బొమ్మలు నల్లటి మచ్చలైనవి ఉన్నాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు తప్పుగా ఎక్కి వెతికినా దొరకనివి ఉన్నాయి. కొన్నేళ్లకు ఆ సైటే ఆగిపోయింది. ముందుచూపున్నవాళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చబట్టి ఆ పుస్తకాలు ఇంకా అందుతున్నాయి. ఎగిరిపోయిన పుట కావాలంటే మాత్రం ఏదో ఒక గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉండి తీరాలి.

అసలు కాగితం విలువ తెలంగాణ రైతుకు ఇంకా బాగా తెలుసు. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు, ఊరి భూముల లెక్క అయిన పహాణీలో అనుభవదారు గడి పోయింది. భూమిలో నిలబడి దున్నుకుంటున్నవాడి పేరుండే చోటు అది. కంప్యూటర్‌లో గడి లేకపోయేసరికి ఆ మనిషీ లేకుండా పోయాడు. తగాదా వచ్చినచోట జనం ఈనాటికీ 1954-55 నాటి ఖాస్రా పహాణీ కోసం తిరుగుతారు.

బ్రౌన్ ఎత్తించిన ప్రతులకూ ఇప్పుడు నూటయాభై ఏళ్లు దాటాయి. ముందున్న కాగితం చెడిపోయిన ఊళ్లకు ఆ నకలే అసలు. వాటిని స్కాన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఒక్కటే అడుగుతున్నాను. ఏ సంపుటం ఏ గదిలో, ఏ బీరువాలో, ఎవరి బాధ్యతలో ఉందో స్కాను మొదటి పుటలోనే రాసిపెట్టండి. తెర మీద ఒక అంకె చూసి అనుమానం వచ్చినవాడికి ఏ తలుపు తట్టాలో తెలియాలి. తట్టినప్పుడు లోపల కాగితం ఉండాలి.