కంటిచూపు అనే దారం

2017 సెప్టెంబర్ 21 సాయంత్రం, న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ దగ్గర అమెరికా సైన్యం వారి బ్లాక్ హాక్ హెలికాప్టర్ ఒకటి సుమారు 300 అడుగుల ఎత్తులో పోతోంది. ఉన్నట్టుండి దానికేదో తగిలింది. హెలికాప్టర్ న్యూజెర్సీలోని లిండెన్ విమానాశ్రయంలో క్షేమంగా దిగింది. చూస్తే రోటర్ రెక్క మీద అంగుళంన్నర సొట్ట. ఒక డ్రోన్ మోటారూ, దాని చేతి ముక్కా హెలికాప్టర్‌లోనే చిక్కుకుని ఉన్నాయి. మోటారు మీది సీరియల్ నంబరు పట్టుకుని విచారణ అధికారులు దాన్ని కొన్న మనిషి దాకా వెళ్ళారు.

ఆ మనిషికి సంగతే తెలీదు. తన డీజేఐ ఫాంటమ్ 4 నుంచి సిగ్నల్ పోయింది, కాసేపు చూశాడు, అది తిరిగి రాలేదు, ఎక్కడో నీళ్ళలో పడిపోయి ఉంటుందిలే అనుకుని వెళ్ళిపోయాడు. అధికారులు పలకరించాకే తెలిసింది, తన డ్రోన్ మనుషులున్న హెలికాప్టర్‌ని గుద్దిందని. గుద్దే సమయానికి అతనికీ డ్రోన్‌కీ మధ్య దూరం రెండున్నర మైళ్ళు, అంటే నాలుగు కిలోమీటర్లు. అతని కళ్ళు టాబ్లెట్ మీద ఉన్నాయి. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్.టి.ఎస్.బి. అదే ఏడాది డిసెంబరులో తేల్చిన కారణం కూడా ఇదే: డ్రోన్‌ని కావాలనే కంటిచూపు దాటించాడు, అందువల్ల హెలికాప్టర్‌ని చూసి తప్పించలేకపోయాడు.

ఈ సంఘటన గురించి చదివినప్పుడు నన్ను ఆపింది ప్రమాదం కాదు, ఆ 'తెలీకపోవడం'. టాబ్లెట్‌లో బొమ్మ బాగానే వస్తూ ఉండాలి. ఎత్తు, వేగం, బ్యాటరీ, మ్యాప్ మీద చుక్క అన్నీ ఉండాలి. తెర మీది అంకెలు సరిగ్గా ఉంటే వ్యవస్థ సరిగ్గా ఉన్నట్టే అని నమ్మి బతికే వృత్తి నాది కాబట్టి అతని మీద కోపం కంటే కుతూహలమే ఎక్కువ కలిగింది. డ్రోన్ ఎగరేసేవాడు దాన్ని సొంత కళ్ళతో చూస్తూనే ఉండాలన్న నియమం చాలామందికి చాదస్తంగా అనిపిస్తుంది. కెమెరా ఉండగా మళ్ళీ కళ్ళెందుకు? ఈ ప్రశ్నకి జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు ఒక చిన్న లెక్క. మామూలు కంటికి విడివిడిగా తెలిసే అతి చిన్న కోణం సుమారు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. నిండు చందమామ వెడల్పు అలాంటివి ముప్ఫై. ఫాంటమ్ లాంటి డ్రోన్ మూలనుంచి మూలకి 35 సెంటీమీటర్లు ఉంటుంది. నలభై మీటర్ల దూరంలో అది చందమామంత కనిపిస్తుంది. నాలుగు వందల మీటర్లలో చందమామలో పదో వంతు. ఒక చుక్క, దాని ముక్కు ఎటుందో చెప్పలేం. నాలుగు కిలోమీటర్లకి ఒక ఆర్క్ నిమిషంలో మూడో వంతు. అంటే అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఫాంటమ్ రేడియో మాత్రం అంత దూరం హాయిగా అందుతుంది. చూపు చేరే దూరానికీ రేడియో చేరే దూరానికీ మధ్య ఉన్న ఈ ఖాళీ చుట్టూనే మన కథంతా నడుస్తుంది.

మొదట్లో ఈ ఖాళీకి పెద్ద అర్థం లేదు. 1937లో అమెరికాలోని మిషిగన్‌లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు 'గఫ్' అనే నమూనా విమానాన్ని రేడియోతో ఎగరేశారు. అంతకు రెండేళ్ళ ముందే బ్రిటన్‌లో 'క్వీన్ బీ' వచ్చింది. ఫిరంగుల వాళ్ళకి గురి నేర్పడం కోసం టైగర్ మాత్ విమానం ఆధారంగా తయారుచేసిన పైలట్ లేని విమానం అది. టెలిఫోన్‌కి ఉండేలాంటి డయల్ తిప్పి దానికి ఆజ్ఞలు పంపేవాళ్ళు. 'డ్రోన్' అన్న మాట ఈ రాణీ ఈగ పేరు నుంచే పుట్టిందని చెబుతారు, డ్రోన్ అంటే మగ తేనెటీగ కదా. తర్వాత హాలీవుడ్ నటుడు రెజినాల్డ్ డెన్నీ తన విమాన బొమ్మల సరదాని వ్యాపారంగా మార్చి, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి వేల సంఖ్యలో రేడియోప్లేన్ లక్ష్య విమానాలు తయారుచేసి ఇచ్చాడు. (అప్పటికింకా మార్లిన్ మన్రో కాని నార్మా జీన్‌ని సైనిక ఫొటోగ్రాఫర్ ఒకతను ఫొటో తీసింది ఈ ఫ్యాక్టరీలోనే.) వాటిని నడిపేవాడు నేల మీద నించుని, తలెత్తి, చూస్తూ నడిపేవాడు.

చూడక తప్పదు మరి. రేడియో విమానం నేర్చుకునే ప్రతివాడికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. విమానం మననుంచి దూరంగా వెళ్తున్నప్పుడు దాని ఎడమ మన ఎడమే. అది మన వైపు తిరిగి వస్తుంటే దాని ఎడమ మన కుడి. ఒక్క క్షణం అది ఎటు తిరిగి ఉందో మర్చిపోతే వేళ్ళు తప్పు వైపుకి పోతాయి, విమానం నేలకి కొడుతుంది. చూపు దాటిన విమానం పోయిన విమానమే. గాలిపటానికి దారం ఎలాగో దీనికి చూపు అలాగ. తెగాక ఇక అది మీది కాదు.

అందుకే నాకు ఆసక్తిగా అనిపించిన విషయం: 1981లో అమెరికా వైమానిక సంస్థ ఎఫ్.ఏ.ఏ. నమూనా విమానాల గురించి 'ఏసీ 91-57' అనే చిన్న సలహాపత్రం విడుదల చేసింది. జనానికి దూరంగా ఎగరేయండి, 400 అడుగులు దాటకండి, అసలు విమానాలకి దారివ్వండి, వీలైతే పక్కన ఒక పరిశీలకుణ్ణి పెట్టుకోండి - ఇలాంటివి ఉన్నాయి. విమానాన్ని కంటిచూపులో ఉంచుకోవాలన్న నియమం మాత్రం లేదు. మర్చిపోయి కాదనుకుంటాను. చూపు దాటిస్తే విమానం పోతుంది, పోయే పని ఎవడూ చెయ్యడు. ప్రకృతి అమలు చేస్తున్న నియమాన్ని కాగితం మీద రాయాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

అయితే ఆ దారాన్ని పొడిగించాలన్న కోరిక మొదటినుంచీ ఉంది. టెలివిజన్ ఆద్యుల్లో ఒకరైన వ్లదిమీర్ జ్వరికిన్ 1934లోనే 'ఎలక్ట్రిక్ కన్ను' ఉన్న ఎగిరే టార్పెడో గురించి ప్రతిపాదన రాశాడు. పదేళ్ళ తర్వాత అమెరికా నౌకాదళం టీడీఆర్-1 అనే డ్రోన్ల ముక్కులో టీవీ కెమెరాలు పెట్టి పసిఫిక్ దీవుల్లో జపాన్ స్థావరాల మీదికి పంపింది. వెనక వేరే విమానంలో కూర్చున్నవాడు చిన్న తెర మీద మసకబొమ్మ చూస్తూ నడిపేవాడు. ఆ కెమెరా చెయ్యాల్సిన పనేమిటో గమనించండి. లక్ష్యాన్ని చూడటం, దాన్ని గుద్దటం. చుట్టుపక్కల ఇంకెవరున్నారో చూసే బాధ్యత దానికి లేదు. డ్రోన్‌కి మొట్టమొదట పెట్టిన కన్ను ముందుకి మాత్రమే చూసే కన్ను.

మరి చుట్టూ చూసే పని గురించి చెప్పాలంటే ఇంకో ఆకాశంలోకి, మనుషులు నడిపే విమానాల ఆకాశంలోకి వెళ్ళాలి. అక్కడ పాత ధర్మం ఒకటుంది: చూడు, తప్పుకో. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద, 21 వేల అడుగుల ఎత్తులో, టీడబ్ల్యూఏ వారి సూపర్ కాన్స్టెలేషన్, యునైటెడ్ వారి డీసీ-7 ఢీకొన్నాయి. రెండింటిలోనూ ఉన్న 128 మందీ చనిపోయారు. విచారణ చెప్పిన కారణం, పైలట్లు ఒకరినొకరు సకాలంలో చూడలేకపోయారన్నదే. ఆ దుర్ఘటన ఒత్తిడి వల్లే రాడార్ల మీద ఖర్చు పెరిగింది, 1958 చట్టంతో ఎఫ్.ఏ.ఏ. పుట్టింది. పెద్ద విమానాలకి కన్నొక్కటే చాలదని అప్పుడే తేలిపోయింది. కానీ కింది ఆకాశంలో, హెలికాప్టర్లూ చిన్న విమానాలూ తిరిగే చోట, ఇవాళ్టికీ ఆ ధర్మం మీదే చాలా బండి నడుస్తోంది. నేను నిన్ను చూస్తాను, నువ్వు నన్ను చూస్తావు అన్న ఒప్పందం అది. డ్రోన్ ఈ ఒప్పందంలోకి వచ్చేసరికి ఒక చిక్కు: అందులో చూసేవాడు లేడు. హెలికాప్టర్ పైలట్‌కేమో 35 సెంటీమీటర్ల వస్తువు సమయానికి కనిపించదు. కాబట్టి తప్పుకునే బాధ్యతంతా నేల మీద ఉన్న ఆ ఒక్క జత కళ్ళ మీదే పడుతుంది.

2010 తర్వాత పరిస్థితి చకచకా మారింది. ఆ ఏడాది ఫోన్‌తో నడిచే పారట్ ఏఆర్ డ్రోన్ వచ్చింది, 2013లో మొదటి ఫాంటమ్. జీపీఎస్, గైరోలు, చవక కెమెరాలు కలిసి పాత ఇబ్బందులన్నిటినీ తుడిచేశాయి. ఎటు తిరిగి ఉందో మర్చిపోయినా పడిపోదు. చెయ్యి తీసేస్తే గాల్లో నించుంటుంది. సిగ్నల్ పోతే దానంతటదే ఇంటికొచ్చేస్తుంది. చూపు దాటిన విమానం ఇప్పుడు పోయిన విమానం కాదు. ప్రకృతి తన నియమాన్ని అమలు చెయ్యడం మానేసింది. సరిగ్గా అప్పుడే చట్టం దాన్ని రాసుకోవాల్సి వచ్చింది. 2012 అమెరికా చట్టం సరదా విమానాలు నడిపేవాడి కంటిచూపులోనే ఉండాలంది. 2016 ఆగస్టు 29న అమల్లోకి వచ్చిన పార్ట్ 107 నిబంధనలు ఇంకా వివరంగా చెప్పాయి: కళ్ళజోడు, కాంటాక్ట్ లెన్సులు తప్ప ఇంకే సాధనం లేని మామూలు కంటితో చూడగలగాలి. ఎందుకో కూడా రాశారు. డ్రోన్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో, ఎంత ఎత్తులో పోతోందో తెలియడానికి. చుట్టూ ఉన్న ఆకాశంలో ఇతర విమానాలనీ ప్రమాదాలనీ గమనించడానికి. ఎవరి ప్రాణానికీ ఆస్తికీ ముప్పు లేదని నిర్ధారించుకోవడానికి.

ఈ జాబితాలో మొదటి పనిని టాబ్లెట్ మనకంటే బాగా చేస్తుంది. మిగతా రెండూ అది చెయ్యలేదు. 'డ్రోన్‌ని చూస్తూ ఉండు' అన్న నియమం నిజానికి డ్రోన్ కోసం కాదు, దాని చుట్టూ ఉన్నవాళ్ళ కోసం. స్టాటెన్ ఐలండ్ మనిషి దగ్గర ఉన్నవన్నీ మొదటి పని తాలూకు అంకెలే. హెలికాప్టర్ ఏ అంకెలోనూ లేదు.

దీనికి ఎదురు వాదం చేసే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేస్తే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. మేనర్డ్ హిల్ అనే అమెరికన్ 1970లో నమూనా విమానాన్ని 8,205 మీటర్ల ఎత్తుకి ఎగరేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. పై లెక్క ప్రకారం అక్కడ రెండు మీటర్ల రెక్క కూడా మామూలు కంటికి ఆనదు. 2003 ఆగస్టులో, 77 ఏళ్ళ వయసులో, ఆయన బృందం బాల్సా చెక్కతో చేసిన టీఏఎం-5 అనే విమానాన్ని కెనడాలోని న్యూఫౌండ్లాండ్ నుంచి వదిలింది. బరువు ఇంధనంతో కలిపి ఐదు కిలోలు. జీపీఎస్‌తో పనిచేసే ఆటోపైలట్ దాన్ని అట్లాంటిక్ దాటించింది. దాదాపు 39 గంటలు, 3,000 కిలోమీటర్ల పైన. ఐర్లండ్ తీరంలో కనుచూపులోకి రాగానే అక్కడ కాచుకుని ఉన్న డేవ్ బ్రౌన్ రేడియో అందుకుని దించాడు. అప్పటికి హిల్‌కి చూపు దాదాపు పోయింది, చట్టం లెక్కలో ఆయన అంధుడు. జీవితమంతా కంటితో విమానాలు నడిపిన మనిషి, కళ్ళు పోయాక, ఎవరికీ కనిపించని విమానంతో సముద్రం దాటించాడు. నేను చదివిన విమాన కథల్లో ఇంత అందమైనది ఇంకోటి లేదు.

అయితే ఆ విమానం పోయిన దారి చూడండి. సముద్రం మీద, కొన్ని వందల మీటర్ల ఎత్తులో, మనుషుల తలల మీద నుంచి కాకుండా. మొదట్లో ఒక జత కళ్ళు, చివర్లో ఒక జత కళ్ళు. మధ్యలో చూపు లేకపోయినా నడిచింది, అక్కడ చూసి తప్పుకోవాల్సినవాళ్ళు దాదాపు లేరు కాబట్టి. చూపు అవసరం దూరాన్ని బట్టి కాదు, పొరుగుని బట్టి ఉంటుంది.

మన దేశంలో 2014 అక్టోబరులో డీజీసీఏ పౌర డ్రోన్లని దాదాపుగా ఆపేసింది. 2018 డిసెంబర్ 1 నుంచి నిబంధనలతో అనుమతించింది, అందులోనూ కంటిచూపు, 400 అడుగులు అన్నవి ముఖ్యమైన షరతులు. 2021లో కొత్త డ్రోన్ రూల్స్ వచ్చాయి. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వానికి కోవిడ్ టీకాలు డ్రోన్లతో పంపే ప్రయోగానికి కేంద్రం మినహాయింపు ఇచ్చింది. మొదట ఇచ్చింది కంటిచూపు పరిధిలో మాత్రమే, తర్వాత దాన్ని చూపు దాటే ప్రయాణాలకి పొడిగించారు. సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' మొదలైంది. రోడ్డు సరిగా లేని ఊరి ఆరోగ్యకేంద్రానికి చల్లదనం పోకుండా మందు చేరాలంటే ఎవరో ఒకరు మేడ మీద నించుని డ్రోన్ కనిపించినంత మేరకే అంటే కుదరదు. చూపు దాటాల్సిందే. దాన్ని చాదస్తంగా అడ్డుకోవడం కూడా ఒక రకం గుడ్డితనమే.

కానీ దాటే ముందు అడగాల్సిన ప్రశ్న, సిగ్నల్ ఎంత దూరం అందుతుందన్నది కాదు. ఆ రెండో పని, చుట్టూ చూసే పని, ఇప్పుడు ఎవరు చేస్తున్నారన్నది. ముందే ఖాళీ చేయించిన ఆకాశమా, దారి పొడుగునా నించున్న పరిశీలకులా, రాడారా, ప్రతి విమానమూ తన ఉనికిని చెప్పుకునే రేడియోనా? ఏదైనా సరే, ఆ జవాబుకి ఒక పేరూ ఒక బాధ్యుడూ ఉండాలి. 'యాప్‌లో అంతా బాగానే ఉంది' అన్నది జవాబు కాదు, స్టాటెన్ ఐలండ్ మనిషి యాప్‌లోనూ సిగ్నల్ పోయేదాకా అంతా బాగానే ఉంది. ఆ సాయంత్రం సొట్ట అంగుళంన్నరతో ఆగింది. హెలికాప్టర్‌లో ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళారు. అందులో డ్రోన్ నడిపినవాడి గొప్పేమీ లేదు.