గెలిచినవాడి రిపోర్టు, ఓడినవాడి కంచు

ఏ రాజ్యం పడిపోయినా, తర్వాత వచ్చినవాళ్ళు చెప్పే కారణం దాదాపు ఒకటే: "పాతవాళ్ళు తాగి తందనాలాడి చెడిపోయారు". మన ఫీల్డులోనూ అంతే కదా! ప్రాజెక్టు చేతులు మారాక రూట్ కాజ్ రిపోర్టు రాసేది కొత్త టీమే. పాత టీమ్ తన తరఫున మాట్లాడ్డానికి అక్కడ ఉండదు.

చైనాలో షాంగ్ వంశానికి సరిగ్గా ఇదే జరిగింది. క్రీ.పూ. 1046 ప్రాంతంలో పడమటి నుంచి వచ్చిన జౌ సైన్యం వాళ్ళని కూలదోసింది. జౌ వాళ్ళ రిపోర్టు సింపుల్: షాంగ్ వాళ్ళు తాగుడికి బానిసలయ్యారు, అందుకే దేవుడు రాజ్యం లాక్కుని మాకిచ్చాడు. 'షూజింగ్' అనే ప్రాచీన గ్రంథంలో దీని మీద ఒక అధ్యాయమే ఉంది. ఇక క్రీ.పూ. 100 ప్రాంతంలో రాసిన సీమా చియెన్ దగ్గరికొచ్చేసరికి కథ ఇంకా పెరిగింది. షాంగ్ ఆఖరి రాజు చెరువు నిండా మద్యం పోయించి, చెట్లకి మాంసం వేలాడదీయించాడట!

మరి పాత టీమ్ తరఫున సాక్ష్యం చెప్పేదెవరు? వాళ్ళ కంచు పాత్రలే.

1976లో, షాంగ్ చివరి రాజధాని అన్యాంగ్‌లో, జెంగ్ జెన్‌షియాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త (మహిళే) బృందం దొంగలు ముట్టని ఒక సమాధిని తవ్వింది. అది వూ డింగ్ రాజు భార్య ఫూ హావ్‌ది. క్రీ.పూ. 1200 ప్రాంతం. ఈవిడ అంతఃపురంలో కూర్చున్న రాణి కాదు. యుద్ధాల్లో సైన్యాన్ని నడిపింది, పూజలు జరిపించింది. ఆ సంగతులు అప్పటివాళ్ళు ఎముకల మీద చెక్కి పెట్టుకున్నారు. సమాధిలో దొరికిన కంచు వస్తువులు 468, మొత్తం బరువు 1600 కిలోల పైనే. అందులో 'గు'లు 53, 'జ్యుయే'లు 40. గు అంటే బాకాలాగా పైకి విచ్చుకున్న పొడుగు గ్లాసు. జ్యుయే అంటే మూడు కాళ్ళ మీద నిలబడి, పొడుగాటి మూతి ఉండే మద్యం పాత్ర.

ఒక్క మనిషికి 93 తాగుడు సామాన్లా అనిపిస్తుంది. కానీ ఇవి పార్టీ సామాన్లు కావు. షాంగ్ వాళ్ళ దృష్టిలో పోయిన పెద్దలు కూడా ఇంట్లోవాళ్ళే. వాళ్ళకి కోపమొస్తే రాజుకి పంటినొప్పి, ఊరికి కరువు. వాళ్ళని శాంతింపజేయడానికే ధాన్యం పులియబెట్టి చేసిన ఈ మద్యం. సమాధిలో గు-జ్యుయే జతలు ఎన్ని ఉంటే అంత హోదా అన్నమాట.

తయారీ చూస్తే ఇంకా ఆశ్చర్యం. మన చోళుల విగ్రహాల్లా మైనపు అచ్చు కాదు. ముందు మట్టితో నమూనా, దాని మీద మట్టి అద్ది ముక్కలుగా కోసిన అచ్చు, లోపల మట్టి గుండు. వీటన్నిటినీ మళ్ళీ సరిగ్గా బిగించి, మధ్య సన్నటి ఖాళీలో కరిగిన కంచు పోయాలి. ఇదంతా తాగి తూలేవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. జౌ వాళ్ళకీ ఆ విషయం తెలుసు లెండి. షూజింగ్‌లోని అదే అధ్యాయం గుంపులుగా చేరి తాగేవాళ్ళని చంపమంటుంది. కానీ షాంగ్ అధికారులు, పనివాళ్ళు తాగితే మాత్రం చంపొద్దు, ముందు బుద్ధి చెప్పండి అంటుంది. పోతపోసే చేతులు పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి!

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. షాన్షీ రాష్ట్రంలోని బావోజీలో 1963లో ఒక కంచు పాత్ర బయటపడింది. 1965లో అది పాత సామాన్ల కొట్టుకి చేరితే, మ్యూజియం వాళ్ళు 30 యువాన్లిచ్చి కొన్నారు. 1975లో మా చెంగ్‌యువాన్ అనే పండితుడు తుప్పు తీయిస్తే, లోపల అడుగున 122 అక్షరాలు! షాంగ్‌ని ఓడించాక జౌ రాజు ఆకాశానికి విన్నవించుకున్న మాటలు అందులో ఉన్నాయి. చైనావాళ్ళు ఇవాళ తమ దేశాన్ని పిలుచుకునే 'జోంగ్‌గువో' అన్న మాట ఇప్పటిదాకా దొరికినవాటిలో మొదటిసారి కనిపించేది ఇక్కడే (అప్పట్లో అర్థం దేశం కాదు, నడిమి ప్రాంతం).

ఇంతకీ ఆ పాత్ర ఏమిటి? 'జున్'. మద్యం జాడీ!

జౌ వాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం. పూజలో తాగొచ్చని వాళ్ళే అన్నారు. పైగా క్రీ.పూ. 850 ప్రాంతానికి గు, జ్యుయే దాదాపు మాయమై, వాటి స్థానంలో అన్నం, మాంసం పెట్టే పాత్రలొచ్చాయి. అంటే అలవాటు నిజంగానే మార్చారు. కాకపోతే అందుకు సుమారు రెండొందల ఏళ్ళు పట్టింది. అందాకా గెలిచిన గొప్ప చెప్పుకోడానికి కూడా ఓడినవాడి పాత్ర, ఓడినవాడి పనితనమే కావాల్సొచ్చాయి.

కాబట్టి కొత్త టీమ్ రాసిన రిపోర్టు చదివేటప్పుడు, పాత లాగ్స్ కూడా ఓసారి తెరిచి చూడాలి. షాంగ్ వాళ్ళ లాగ్స్ కంచులో ఉన్నాయి కాబట్టి మూడు వేల ఏళ్ళు ఆగాయి. మనవి ముప్పై రోజులకే డిలీట్ అయిపోతాయి, అది వేరే సంగతి!