కేరళ తరవాడు ఇళ్లు: విప్పి, మరోచోట నిలబెట్టిన చరిత్ర

కేరళ పాత ఇళ్లకు ప్రాణం కలప. దూలాలు, వాసాలు, అటక పలకలు, ‘అర’ అనే ధాన్యపు గది గోడలు టేకుతోనో, పనసతోనో, దాని జాతికే చెందిన అంజిలితోనో చేసేవారు. ఇనుప మేకుల వాడకం చాలా తక్కువ. ఒక కొయ్య కొనను మరో కొయ్యలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా కొయ్య మేకు కొట్టేవారు. ఆ మేకు ఊడగొడితే అతుకు చెక్కుచెదరకుండా విడివడుతుంది. ఈ ఇళ్లను తరలించడం సాధ్యమైంది అందుకే.

వీటిలో పేరున్నది నాలుకెట్టు. నాలుగు వైపులా గదుల వరుసలు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. తెలుగువారి మండువా లోగిలికి దగ్గర చుట్టం. ఇందులో ఉండేది తరవాడు, అంటే తల్లి వైపు వారసత్వంతో సాగే ఉమ్మడి కుటుంబం. తిరువాన్కూరులో 1925 నాటి నాయర్ చట్టం, మలబారులో 1933లో అమలైన చట్టం ఆస్తి పంపకాలకు దారి తెరిచాయి. 1970 నుంచి భూసంస్కరణలతో కౌలు ధాన్యం రావడం ఆగి, అరలు ఖాళీ అయ్యాయి. 1976లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థే చట్టరీత్యా రద్దయింది. పొలాన్ని పంచుకోవచ్చు, నాలుకెట్టును ఎలా పంచుకుంటారు? గల్ఫ్ సంపాదనతో పక్కనే కాంక్రీటు ఇళ్లు లేచాయి. పాత ఇంటిని కలప కింద లెక్కగట్టి అమ్మేశారు. తరాల పనితనం తలుపులుగా, బల్లలుగా చీలిపోవడం నిజంగా పెద్ద నష్టం.

కొన్నింటిని మాత్రం ఇళ్లుగానే కొని తరలించారు. కుమరకంలో వేంబనాడు సరస్సు ఒడ్డున అలాంటివి అతిథి గృహాలయ్యాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలోకి కేరళ ఇళ్లతో పాటు చెట్టినాడు ఇల్లూ వచ్చింది.

విప్పేముందు ఇంటి కొలతలు తీసి, బొమ్మలు గీసి, ప్రతి ముక్కకూ అంకె వేస్తారు. ముందు పెంకులు దింపుతారు; తర్వాత వాసాలు, దూలాలు, అటక, చివరికి తలుపుచట్రాలు. బిగించేటప్పుడు వరుస తిరగబడుతుంది. ముర్రాతి (లేటరైట్) గోడలు మాత్రం కొత్తచోట మళ్లీ కట్టాల్సిందే. వాన తగిలే చూరు దగ్గర వాసాల కొనలు తరచు పుచ్చిపోయి ఉంటాయి. పుచ్చిన మేర కోసి, అదే జాతి కలప అతుకుతారు.

కొలత తప్పితే పని చెడుతుంది. పాత వడ్రంగులు 24 విరళ్ల (వేళ్ల వెడల్పుల) కోలుతో, అంటే సుమారు 72 సెంటీమీటర్ల కొలకర్రతో, ఇంటి చుట్టుకొలతను నిర్ణయించేవారు. మంచం పట్టలేదని గదిని కాస్త వెడల్పు చేస్తే వాసాలు చాలవు, కప్పు వాలు మారుతుంది. అందుకే తెలిసినవారు గదుల జోలికి పోకుండా, స్నానాల గదిని వెనక వేరుగా కట్టి కలుపుతారు. అర పడకగది అవుతుంది. గాలి, వెలుతురు దానికి కొత్తగా ఇవ్వాలి. పెంకులూ ఒకప్పుడు మార్పే: 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల కర్మాగారం పెట్టాకే తాటాకు, కొబ్బరాకు కప్పులున్న ఎన్నో ఇళ్లు పెంకుటిళ్లయ్యాయి.

మట్టి ఇంటికి ఇలా విప్పి తరలించే వీలు లేదు. దక్షిణచిత్రలోని ఉత్తర కోస్తా చుట్టిల్లును తరలించలేక, అక్కడే కొత్తగా మట్టితో కట్టారు.