పాత కొట్టు పడగొట్టి హోటలు పెట్టేముందు: బరంపురం తెలుగువారికి సూచనలు

పాత కొట్టు పడగొట్టి హోటలు కట్టాలనుకునే మనవాళ్లు సలహా కోసం సంఘానికి వస్తుంటారు. మేం మొదట అడిగేది ఒకటే: గునపం పట్టేముందు పాత దస్తావేజు చదివించారా?

దస్తావేజు

1936 మార్చి 31 వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే మన ఇళ్లలో నాటి దస్తావేజులు కొన్ని తెలుగులోనే ఉన్నాయి. ఒడియా, ఇంగ్లీషు చదివిన మన పిల్లలకు అవి చదవడం రాదు. హద్దుల దగ్గర "ఉమ్మడి గోడ" అని ఉందేమో చూడాలి. పన్ను రసీదులో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు. దస్తావేజు పోయి ఉంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు చేయవచ్చు.

మాకు తెలిసిన ఒక కుటుంబం హోటలు కోసం నడిమి గోడ తీయించింది. పక్కింటివారి దూలాలు ఆ గోడ మీదే ఆనివున్నాయి. కప్పు కుంగింది, పని ఆగింది. తర్వాత దస్తావేజు మా దగ్గరికి తెస్తే, గోడలో సగం పక్కవారిదని స్పష్టంగా రాసివుంది. నష్టం కట్టుకున్నారు గాని, ఆ రెండు ఇళ్ల మధ్య మాటలు నేటికీ లేవు.

అనుమతులు

అద్దె కొట్టయితే యజమాని రాతపూర్వక అంగీకారం తీసుకోండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం అద్దెదారు కట్టడాలను పడగొట్టకూడదు. కొత్త ప్లాను, ట్రేడ్ లైసెన్సు గురించి బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీలోనూ, నగరపాలక సంస్థలోనూ ముందే విచారించండి.

పడగొట్టే పని

కరెంటు కనెక్షన్ తీయించాకే పని మొదలుపెట్టండి. పక్కగోడల బీటలను ఇరువర్గాల ముందు ఫొటోలు తీసి, తేదీ వేసి సంతకాలు చేయించండి. సున్నంతో కట్టిన పాత గోడలే కప్పు బరువు మోస్తాయి. కాబట్టి ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలాలు, చివర గోడలు దించాలి. 2013 అక్టోబరు 12 నాటి ఫైలిన్ తుపాను దెబ్బ తిన్న కట్టడమైతే ఇంజనీరు చూడనిదే తాకకండి. ఆస్‌బెస్టాస్ రేకులను పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి నిండు రేకుగా దించండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఇటుక, ఇనుము, కలప విడివిడిగా పెట్టండి. శిథిలాలు కాలువలో పడితే వానాకాలంలో వీధంతా మునుగుతుంది.

వంటగది

నేల వాలు కాలువ వైపు ఉండాలి, జిడ్డు ఆగడానికి తొట్టి కట్టించాలి. పొగగొట్టం పక్కవారి కిటికీ వైపు పెట్టవద్దు. ఇంటి సిలిండరు హోటల్లో వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండరే తీసుకోండి. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం, అమ్మకాల స్థాయిని బట్టి రిజిస్ట్రేషనో లైసెన్సో తీసుకుని, అది అందరికీ కనిపించేలా పెట్టాలి.

దస్తావేజు చదవడం రానివారు జిరాక్సు కాపీతో సంఘానికి రండి. అసలు కాగితం ఇంట్లోనే భద్రంగా ఉంచండి. మాలో పాత రాత చదవగలిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. పని పెట్టుకున్నాక కాదు, ముందే రండి.